ఖాళీగా కనిపిస్తే జోనే

నేను చేసే పనేమిటో చెబితే నర్సీపట్నంలో ఒక పట్టాన ఎవరూ నమ్మరు. అమెరికా కాలేజీల కుర్రాళ్ళు ఆడిన ఫుట్‌బాల్ వీడియోలు చూసి, ఒక్కో బంతికి ఎవడు ఎటు పరిగెత్తాడు, వాణ్ణి ఎవడు ఎలా కాపు కాశాడు అని కంప్యూటర్లో గుర్తులు పెట్టడం. ఎరువుల కొట్టు మీద మేడ. అందులో పన్నెండు కంప్యూటర్లు, ఒక మంచినీళ్ళ డబ్బా, ఒక మేనేజరు. పొద్దున్న తొమ్మిదిన్నరకి కేరియరు పట్టుకుని మెట్లెక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతాను. చేరిన కొత్తలో మా ఆయన "ఏటీ, ఆటలు సూసినందుకు జీతవిస్తారా? మరి నన్నెందుకు పిలవలేదు?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ నవ్వేవాడు.

ఈ ఫుట్‌బాల్ మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. ఒకడు వెనక నిలబడి బంతి విసురుతాడు. ఇద్దరో ముగ్గురో ముందుకు పరిగెత్తి దాన్ని అందుకోవాలి. వీళ్ళని రిసీవర్లంటారు. వాళ్ళకి బంతి అందకుండా అవతలి జట్టు కాపు కాస్తుంది. ఆ కాపుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి మేన్, అంటే ఒక్కో రిసీవరు వెనకా ఒక్కో మనిషి పడడం. రెండోది జోన్, అంటే మనిషిని వదిలేసి ఎవడి చోటు వాడు చూసుకోవడం. మా చర్చిలో ప్రేమవిందు పెట్టినప్పుడు వడ్డన ఇలాగే ఉంటుంది. మామూలు వాళ్ళు తలా ఒక వరస చూసుకుంటారు. ఒకాయన మాత్రం పాస్టరుగారి విస్తరి వెనకే తిరుగుతాడు. వరస చూసుకునేది జోన్, పాస్టరుగారి వెనక పడేది మేన్. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నేను ఇదే చెప్పేదాన్ని, అందరికీ ఒక్క దెబ్బతో అర్థమైపోయేది.

నేర్పడంలో నాకు గొప్ప పేరు. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో పదేళ్ళు కంప్యూటరు చెప్పాను కాబట్టి మేడ మీద అందరూ నన్ను మేడం అనేవారు, మేనేజరుతో సహా. ఆ పిలుపు నాకు ఇష్టం. ఎంత ఇష్టమో అప్పుడు తెలీలేదు.

వారం చివర మా దగ్గర నుంచి వెళ్ళేది ఒక పట్టిక. ఫలానా రిసీవరు మేన్ మీద ఎన్నిసార్లు తప్పించుకున్నాడు, జోన్ మీద ఎన్నిసార్లు బంతి అందుకున్నాడు, ఎక్కడ తేలిపోయాడు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూసి అక్కడి కోచ్‌లు ఎవణ్ణి ఆడించాలో, ఎవణ్ణి పక్కన కూర్చోబెట్టాలో ఆలోచించుకుంటారట. అంటే మేం ఇక్కడ టీ తాగుతూ నొక్కే నొక్కుళ్ళకి అక్కడ ఆటను బట్టే ఫీజు మాఫీ అయ్యే ఒక కుర్రాడి చదువు అటో ఇటో అవుతుంది. ఆ మాట మాకు ట్రైనింగులో చెప్పారు. విన్నాం, తలాడించాం, మర్చిపోయాం.

ఆ అమ్మాయి మా దగ్గరికి నిరుడు వానాకాలంలో వచ్చింది. కోటవురట్ల దగ్గర పల్లె. తండ్రి చెరకు, జీడిమామిడి వేస్తాడు. డిగ్రీలో కబడ్డీ ఆడింది, జిల్లా దాకా వెళ్ళింది. వ్యాయామం టీచరు కావాలని ఆశ. దానికి బీపీఈడీ ప్రవేశ పరీక్ష రాయాలి, పరుగులూ గెంతుళ్ళూ అందులోనే ఉంటాయి. పల్లెలో పొలం గట్ల మీద పరిగెడితే జనం నవ్వుతారని, నర్సీపట్నంలో ఉంటే కాలేజీ గ్రౌండు ఉంటుందని ఆమె లెక్క. తండ్రి ఒక్క షరతు పెట్టాడట: "పనుంటే ఉండు, పని లేకపోతే బేగి ఇంటికొచ్చీ." అందుకని మా మేడ మీద ఉద్యోగమే ఆమెకి గ్రౌండు, ఆ గ్రౌండే పరీక్ష. ఇదంతా నాకు మొదటి రోజే తెలుసు. చర్చి పక్క ఆడపిల్లల హాస్టల్లో చోటు అడిగి ఇప్పించింది నేనే. తెలీక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పని చురుగ్గా పట్టేసింది. నన్ను అక్కా అనేది, కానీ మాటకి ముందో వెనకో అండీ తగిలించేది. ఒక్కో ఆటనీ మా దగ్గర ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకరు పెట్టిన గుర్తు ఇంకొకరు చూడకూడదు, అది గట్టి నియమం. ఇద్దరివీ కలిస్తే సరే. కలవకపోతే విశాఖపట్నంలో మూడో మనిషి చూసి తేలుస్తాడు. తేడాలు ఎక్కువైతే ఇద్దరి పేర్ల పక్కనా ఎర్ర గీత పడుతుంది. మేనేజరు నన్నూ ఆ అమ్మాయినీ జోడీ చేశాడు.

ఇప్పుడు మేడ మీద ఉన్న అలవాటు చెప్పాలి. పదకొండింటికి కింద నుంచి టీ వస్తుంది. టీతో పాటు అందరి నోటుపుస్తకాలూ బయటికొస్తాయి. "పద్నాలుగో బంతి నీదేటి?" "మేను." "నాది జోను." ఇలా ఇద్దరూ సరిచూసుకుని, తేడా ఉన్నచోట ఎవరో ఒకరు మార్చేస్తారు. ఎవరు మార్చాలన్నది ఎవరూ రాసి పెట్టలేదు. చిన్నవాళ్ళే మార్చాలి. పెద్దావిడ జోనంటే చిన్నది తన మేన్ చెరిపేస్తుంది. అదేదో మోసమని ఎవరికీ అనిపించలేదు, మర్యాద అనుకున్నాం. ఈ మర్యాదని మేడ మీదకి తెచ్చినవాళ్ళలో నేను మొదటిదాన్ని.

ఆ ఏడు మాకు వచ్చిన జట్టులో ఒక రిసీవరు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకు పెట్టి పరిగెత్తేవాడు. మేం వాణ్ణి సన్నోడు అనేవాళ్ళం. మొదటి రెండు ఆటల్లోనే వాడి సంగతి నేను తేల్చేశాను: జోన్ మీద బాగా ఆడతాడు, మేన్ మీద పనికిరాడు, మనిషి మీద పడితే వదిలించుకోలేడు. ఒకసారి నేనొకటి తేల్చానంటే ఇక అంతే, మా ఇంట్లో అడగండి.

ఆ తర్వాత ఏం చేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సన్నోడు ఖాళీగా కనిపిస్తే చాలు, జోన్ అని నొక్కేసేదాన్ని. మేన్ అయితే వీడికి ఖాళీ ఎక్కణ్ణుంచి వస్తుంది అని నా తర్కం. వాడు దొరికిపోతే మేన్. అంటే కాపు చూసి వాడెలా ఆడాడో రాయడం పోయి, వాడెలా ఆడాడో చూసి కాపు పేరు రాసేదాన్ని. ఇక ఆ పట్టికలో వాడు మేన్ మీద పైకి రావడమన్నది జరిగే పని కాదు. గెలిచిన ప్రతిసారీ నేను దాన్ని తీసి జోన్ ఖాతాలో వేసేస్తున్నాను మరి.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఒకరోజు టీ గ్లాసు పక్కన పెట్టి వీడియో వెనక్కి తిప్పింది.

"అక్కా, ఇది మేనండీ."

"కళ్ళు కనపడ్డం లేదేటే? సుట్టూ ఎవడూ లేడు. అంత కాళీగా దొరికేడంటే జోనే."

"కాళీగా దొరకలేదండీ, ఆడే కాళీ సేసుకున్నాడు. ఆడెనకాలోడి కాళ్ళు సూడండి. ఈడు ఎడం పక్కకి అడుగేసినట్టు సేస్తే ఆడూ ఏసేసేడు. జోన్లో ఉన్నోడైతే ఆడి సోటు ఒగ్గీసి అడుగెయ్యడు కదండీ."

"ఆ ఎనకాలోడు బంతి ఇసిరేవోడికేసి సూస్తన్నాడు. మనకిచ్చిన కాయితంలో ఏటుంది? బంతి ఇసిరేవోడికేసి సూస్తే జోనని లేదా?"

"మొకం సూస్తే మోసపోతామండీ. కబడ్డీలో నేను మూల కాసేదాన్ని. కూతకొచ్చిన పిల్ల మొకం ఒక పక్కెడతాది, కాలు ఇంకో పక్కెడతాది. మా సారు మొకాలు సూడొద్దనేవోరు."

పక్క కుర్చీల వాళ్ళు వింటున్నారు. అందులో ఇద్దరు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు. నాకు చురుక్కుమంది. "పదేళ్ళు పాఠాలు సెప్పేనే నేను. నువ్వు నాకు కబడ్డీ సెప్తావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. "సర్లెండక్కా, పెద్దోరు, మీకు తెల్దా," అని తన మేన్ చెరిపి జోన్ పెట్టింది. ఆ తర్వాత వాదన మానేసింది. మొదట తనకి తోచింది పెట్టేది, టీ వేళ నా పుస్తకం చూసి మార్చేసేది. మా ఇద్దరికీ ఒక్క ఎర్ర గీత కూడా పడేది కాదు. మేనేజరు మా జోడీని అందరికీ చూపించి మెచ్చుకునేవాడు.

డిసెంబరు దాటాక కంపెనీవాళ్ళు మా పనిని పరీక్షించారు. సన్నోడి జట్టుతో ఆడిన ఒక అవతలి జట్టు కోచ్ దగ్గర నుంచి, ఆ రోజు ఏ బంతికి ఏ కాపు పెట్టమని చెప్పారో ఆ కాగితాలే తెప్పించి మా గుర్తుల పక్కన పెట్టారు. సన్నోడు తప్పించుకున్న బంతుల్లో మేం జోన్ అన్నవి చాలా మటుకు మేనే. ఇద్దరం ఒకే చోట, ఒకేలా తప్పు.

అక్కడితో ఆగితే బాగుండేది. మేం నొక్కిన ప్రతి నొక్కుడూ కంప్యూటరు దాచుకుంటుంది. నా గుర్తులు చూస్తే మొదటి నుంచీ తప్పే, మార్పు లేదు. ఆ అమ్మాయివి చూస్తే మొదట అన్నీ ఒప్పు. తర్వాత, రోజూ పదకొండు దాటాక, ఒప్పుని తప్పు చేసిన మార్పులు. చూసేవాళ్ళకి నేను నిజాయితీగా పొరబడ్డ మనిషిని. ఆమె కాపీ కొట్టిన పిల్ల. తెలిసినదాని పేరు దొంగ, తెలియనిదాని పేరు మేడం.

మేనేజరు మమ్మల్ని ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద కంప్యూటరు మా వైపు తిప్పి పెట్టాడు.

"నువ్వు మొదట కరెక్టుగానే పెట్టావు కదమ్మా. ఎందుకు మార్చావు? ఎవరైనా మార్చమన్నారా?"

నోరు తెరిస్తే రెండే మాటలు: నేనే అన్నాను. నా ఉద్యోగం పోయేది కాదు, అది కూడా నాకు తెలుసు. నేను పాతదాన్ని, నాకు ఒక చీవాటు పడేది. కాకపోతే ఆ చీవాటు గది గోడ దాటి బయటికి వినిపించేది. మేడం తప్పు చెప్పింది, కబడ్డీ పిల్ల ఒప్పు చెప్పింది అని టీ వేళ అనుకునేవారు. నేను ఆ కంప్యూటరు మీది గళ్ళు చూస్తూ కూర్చున్నాను.

"ఎవులూ సెప్పలేదు సార్," అంది ఆ అమ్మాయి. "నాకే డౌటొచ్చింది."

"డౌటొస్తే ప్రతిసారీ మేడం పెట్టినట్టే మారుస్తావా?"

శుక్రవారం ఆమెని పనిలోంచి తీసేశారు. శనివారం తండ్రి వచ్చి హాస్టల్ ముందు బండి ఆపాడు. నేను చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్తూ చూశాను. ఆయన నాకు నమస్కారం పెట్టి, "మా పిల్లకి సోటిప్పించేరండీ, మీ మేలు మరవలేను. దానికే బుద్ధి లేకపోయింది," అన్నాడు. ఆమె పరుగుల బూట్లు తాడుతో కట్టి బండికి తగిలించుకుంటోంది. నేను "జాగర్తండీ" అని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు ప్రాక్టీసులో నేను పాడలేదు. జలుబని చెప్పాను.

సన్నోడి పట్టిక సరిచేసి మళ్ళీ పంపారు. జట్టులో మేన్ మీద వాడిదే పైచెయ్యి. వాడికి జరిగింది దిద్దడానికి ఒక పూట పట్టింది. ఆ అమ్మాయికి జరిగింది దిద్దమని అడిగేవాళ్ళే లేరు.

ఆ పై నెల మేనేజరు నన్ను పిలిచి కొత్తవాళ్ళ కోసం ఒక పేజీ సూచనలు రాయమన్నాడు. ఇంటికి తెచ్చుకుని రాశాను. మొదటి వాక్యం నా చేత్తోనే వచ్చేసింది: "కాపు కాసేవాడి ముఖం కాదు, ముందు కాళ్ళు చూడండి." విశాఖపట్నంలో తెగ మెచ్చుకున్నారట. ఆ పేజీని లామినేషను చేయించి గోడకి పెట్టారు. కింద నా పేరు. నీళ్ళ డబ్బా పక్కనే పెట్టారు కాబట్టి దాహం వేసినప్పుడల్లా చదవాల్సి వచ్చేది. కొన్నాళ్ళు ఇంటి నుంచి సీసాతో నీళ్ళు తెచ్చుకున్నాను. అంతే గానీ మేనేజరు గది తలుపు తట్టలేదు.

ఆదివారం చర్చిలో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. అదివరకు నేను మిగతావాళ్ళకంటే గట్టిగా చదివేదాన్ని. అందరి గొంతుల్లో కలిపేస్తే ఎవరి పాపం ఎవరిదో తెలీదు, అదో సదుపాయం. ఇప్పుడు ఆ వాక్యాల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేయాలనిపించేది. దేవుడితో చెప్పుకోవడం తేలిక, ఆయన ఎరువుల కొట్టు మీదకి రాడు. చెప్పాల్సిన మనుషుల్లో ఒకరు ఇరవై కిలోమీటర్ల దూరంలో పల్లెలో, ఇంకొకరు మేడ మీద నా కుర్చీకి పది అడుగుల దూరంలో ఉన్నారు, ఇద్దరి దగ్గరికీ నేను వెళ్ళడం లేదు.

నా దగ్గర ఒక్క ఓదార్పు ఉండేది. ఆ రోజు గదిలో ఆ అమ్మాయి తనే ముందు మాట్లాడేసిందన్నది. నేను చెప్పేలోపే, నా మీద అభిమానం కొద్దీ, తన మీద వేసేసుకుంది. నాకు సందు దొరకలేదు. ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకున్న కొద్దీ ఆ గదిలో జరిగింది అలాగే కనిపించేది. ఈ మాట ఆమె నోటి నుంచి కూడా వింటే మనసు కుదుటపడుతుందనిపించి, ఏప్రిల్లో ఒక శనివారం సెలవు పెట్టి కోటవురట్ల ఆటో ఎక్కాను. క్షమాపణ అడగడానికి వెళ్తున్నానని మా ఆయనకి చెప్పాను. నిజానికి వెళ్ళింది దాని కోసం కాదు.

ఇంటి ముందు చావిట్లో కూర్చుని జీడిపళ్ళ నుంచి పిక్కలు వేరు చేస్తోంది. చుట్టూ పళ్ళ గుట్ట, వగరు వాసన. నన్ను చూసి గబగబా లేచి, చేతులు పరికిణీకి తుడుచుకుని, కుర్చీ తెచ్చి వేసింది. నేను కుర్చీ పక్కకి జరిపి పీట మీద కూర్చున్నాను.

"ఆ సన్నోడెలా ఆడతన్నాడక్కా?" అంది ముందుగా.

"ఆడికేటే, పెద్ద కాలేజీకి మారిపోయేడంట. మేన్ మీద ఆడే ఫస్టు."

"సెప్పేను కదండీ," అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఒక మంచి ఆటగాడి మీద సంతోషం, అంతే.

పరీక్ష సంగతి అడిగాను. ఈ ఏడు రాయడం లేదంది. పరిగెత్తడానికి కుదరడం లేదట, పిక్కల పని అయ్యాక చూడాలట. అది వినీ వినగానే నేను తయారు చేసుకొచ్చిందంతా ఒక్క ఊపున చెప్పేశాను. "ఆ రోజు నేను సెప్పాల్సిందే. మార్చమన్నది నేనేనని సెప్పాల్సింది. తప్పు నాదే. కానీ నువ్వు నన్ను సెప్పనిచ్చేవేటే? నేను నోరు తెరిసేలోపే నాకే డౌటొచ్చిందని నీ మీదేసీసుకున్నావు."

ఆమె చేతిలో పండు పట్టుకుని ఆగింది. ఆలోచించినట్టు కనుబొమలు దగ్గరికొచ్చాయి. వీడియో వెనక్కి తిప్పి చూసేటప్పుడు ఆ మొహం అలాగే ఉండేది.

"లేదండీ," అంది. "సారు అడిగినప్పుడు నేను మీకేసి సూసేను. సాలాసేపు సూసేను. మీరు కంప్యూటరు కేసి సూస్తన్నారు. తలెత్తుతారేమోనని సూసేను. ఇంక ఎత్తరని తెలిసేక సెప్పేను."

కోపంగా అనలేదు. నా మీద నేరం మోపుతున్నట్టు కూడా లేదు. నేనొక సంగతి తప్పుగా రాసుకున్నాను, తను సరిచేసింది. ఎంత వెతికినా ఆ గదిలో ఆమె మొహం నాకు గుర్తు రాలేదు. గుర్తున్నవి కంప్యూటరు మీది గళ్ళు మాత్రమే. ఆమె నాకు సందు ఇవ్వకపోవడం కాదు, ఇచ్చి, నేను తీసుకోనంతసేపూ కూర్చుంది.

"సోమారం మేనేజరుకి సెప్పేస్తాను," అన్నాను. "అంతా సెప్పేస్తాను. నీకోసం..."

"సెప్పండక్కా, మంచిదే," అంది. "నాకోసవని మాత్రం సెప్పకండి."

వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాను. ఆటో దాకా ఆ అమ్మాయి వచ్చింది, సీటు దొరికిందో లేదో చూసి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న, మెషీన్లు ఇంకా ఆన్ చెయ్యకముందే, మేనేజరు గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. టీ వేళ అలవాటు, నేను తెచ్చింది, ఆమె చెరిపినవన్నీ నా మాట మీద చెరిపినవి, గోడ మీది పేజీలో మొదటి వాక్యం ఆమెది. ఆయన మొత్తం విన్నాడు. తర్వాత తలుపు ఓరగా ఉంటే లేచి వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడా మేడం? అంతా సర్దుకున్నాక?" అన్నాడు.